పోలీసుల మీద కేసులు వాదించే లాయరుగా బతకొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాదిలో ఉన్నారు. హైకోర్టుకు కాకుండా సొంత జిల్లాలోనే ప్రాక్టీసు పెట్టి, లాకప్ దెబ్బలు, అక్రమ నిర్బంధం, ఎన్‌కౌంటర్ కేసులు చేపట్టాలని ఉంది. దాంతో ఇల్లు గడుస్తుందా, ముందుగా ఏం నేర్చుకోవాలి, ప్రమాదం ఎంత?

సూటిగా చెప్తాను. చేయొచ్చు, చేసేవాళ్లు కావాలి కూడా. ఇల్లు మాత్రం ఆ కేసులతో గడవదు. బెయిళ్లు, మోటారు ప్రమాదాల క్లెయిములు, భూమి దావాలు, కుటుంబ కేసులు మీ అద్దె కడతాయి. మొదటి ఐదేళ్లు ట్రయల్ కోర్టులో క్రిమినల్ పని నేర్చుకోండి. క్రాస్ ఎగ్జామినేషన్ రాకుండా పోలీసు సాక్షిని బోనులో నిలబెట్టి లాభం లేదు. ప్రమాదం ఉంది, దాని గురించి చివర్లో రాస్తాను. ముందు పని గురించి.

మన స్టేషన్లలో రెండు మాటలు వాడతారు: "తెచ్చాం", "చూపించాం". మనిషిని మంగళవారం రాత్రి తెస్తారు. శుక్రవారం పొద్దున బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నట్టు అరెస్టు చూపిస్తారు. రాజ్యాంగం 22వ అధికరణ, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 58వ సెక్షన్ చెప్పే, మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాల్సిన ఇరవైనాలుగు గంటలు కాగితం మీద శుక్రవారం నుంచే మొదలవుతాయి. దెబ్బలు, తెల్ల కాగితాల మీద సంతకాలు, ఇంట్లో ఆడవాళ్లను పిలిపించి బెదిరించడం, అన్నీ ఆ రెండున్నర రోజుల్లోనే జరుగుతాయి. రికార్డులో ఆ రెండున్నర రోజులే ఉండవు. తెచ్చిన గంటకీ చూపించిన గంటకీ మధ్య ఉన్న ఖాళీని పోలీసులవి కాని రికార్డులతో నింపడమే ఈ ప్రాక్టీసు. మిగతా చట్టమంతా దాని తర్వాతే అక్కరకొస్తుంది.

ఎవరిని కొడతారో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. కానీ ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో అది 27వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌లో ఉంది. అంటే దొంగతనం కేసులో "రికవరీ" వస్తేనే కేసు నిలబడుతుంది. దెబ్బలు అక్కడే ఎక్కువ. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో చనిపోయిన దళిత మహిళను డబ్బు దొంగతనం అనుమానంతోనే తెచ్చారు. 2023 ఫిబ్రవరిలో మెదక్ పోలీసులు పట్టుకెళ్లి వదిలాక గాంధీ ఆసుపత్రిలో చనిపోయిన మనిషిని గొలుసు దొంగతనం అనుమానంతో తీసుకెళ్లారు. ఇద్దరూ పేదవాళ్లు. మీ దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే ఉంటారు.

మొదటి రోజు. మనిషి ఇంకా స్టేషన్‌లో ఉన్నాడని ఇంటివాళ్లు వస్తే, ముందు కూర్చోబెట్టి వాళ్ల మాటల్లోనే రాయించండి. ఎన్ని గంటలకు, ఎవరి ముందు, ఏ బండిలో, నంబరు ఏమిటి, ఒంటిమీద ఏ చొక్కా, ఫోను ఎవరు తీసుకున్నారు. తర్వాత ఎస్పీకి లేదా కమిషనర్‌కు, జిల్లా జడ్జికి, మేజిస్ట్రేట్‌కు ఈమెయిల్, దాని వెంటే అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టు. ఒకప్పుడు ఈ పని టెలిగ్రాం చేసేది. 2013 జులైలో అది పోయింది. ఉత్తరం వల్ల మనిషి వెంటనే బయటికి రాకపోవచ్చు. కానీ శుక్రవారం అరెస్టు చేశామని పోలీసులు రాసినప్పుడు, బుధవారం ఉదయం ఎనిమిదింటికే ఈ మనిషి మీ దగ్గర ఉన్నాడని వెళ్లిన ఈమెయిల్ ఎవరూ చెరపలేని సాక్ష్యం.

హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్, హైకోర్టు పని కాబట్టి, హైదరాబాద్‌లోనో అమరావతిలోనో లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసరంగా వినమని కోరడం) వేయగల ఒక లాయరుతో ముందే పరిచయం పెట్టుకోండి. సెలవు రోజైతే హౌస్ మోషన్, అంటే జడ్జి ఇంటి దగ్గర విచారణ కోరడం. అఫిడవిట్ మీరే తయారుచేసి పంపండి. పిటిషన్‌కు నంబరు పడగానే చాలాసార్లు మనిషిని వదిలేస్తారు, లేదా అరెస్టు చూపించేస్తారు. అప్పుడు పిటిషన్ పని అయిపోయిందని మూసేస్తారు. అక్కడ ఆగిపోకండి, ఆ అఫిడవిట్‌లో రాసిన తేదీ, గంట తర్వాతి కేసుకు పునాది.

కెమెరాల సంగతి అదే రోజు చూడాలి. పరంవీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్‌ఐ గది, వెనక భాగం అన్నీ కనిపించేలా కెమెరాలు పెట్టాలంది. రికార్డింగ్ పద్ధెనిమిది నెలలు, అంత నిల్వ ఉంచే పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది ఉంచాలంది. ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఉన్న ఫుటేజీ భద్రపరచాలని ఎస్పీకి, మేజిస్ట్రేట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. తర్వాత "హార్డ్ డిస్క్ పాడైంది" అనే జవాబు వస్తే, మీ దరఖాస్తు అందాక పాడైందా, ముందే పాడైందా అని అడిగే హక్కు మీకుంటుంది. దరఖాస్తే ఇవ్వకపోతే ఆ ప్రశ్నకు బలం లేదు. దీనికంటే తొందరగా పోయేవి ఊళ్లో కెమెరాలు. కిరాణా కొట్టు, పెట్రోలు బంకుల డీవీఆర్‌లలో పాత రికార్డింగ్ మీద కొత్తది రెండు మూడు వారాల్లోనే పడిపోతుంది. ఇంటివాళ్లను వెంటనే పంపి అడిగించండి.

స్టేషన్ లోపలి రికార్డు కూడా ఉంది. జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే పుస్తకం), సెంట్రీ డ్యూటీ మారిన పుస్తకం, జీపు లాగ్ బుక్. దర్యాప్తు అధికారి రాసే కేసు డైరీని దిద్దినంత తేలిగ్గా వీటిని దిద్దలేరు, ఎందుకంటే వేర్వేరు చేతులు రాస్తాయి. జీపు మంగళవారం రాత్రి పదకొండింటికి మీ క్లయింట్ ఊరికి ఎందుకు వెళ్లిందో లాగ్ బుక్ చెప్పాలి. ఎవరైనా నిర్బంధంలో ఉన్నప్పుడు సమాచార హక్కు దరఖాస్తులో "ఇది ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం" అని 7వ సెక్షన్ పేరుతో రాయండి; గడువు ముప్పై రోజులు కాదు, 48 గంటలు. దర్యాప్తు పేరు చెప్పి తిరస్కరించినా, ఆ తిరస్కరణ కాగితాన్ని కోర్టులో రికార్డులు తెప్పించమనే పిటిషన్‌కు జత చేయొచ్చు.

రిమాండ్. ఇక్కడ పోగొట్టుకున్నది తర్వాత దొరకదు. మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టిన ఆ రెండు నిమిషాల్లో "పోలీసులు కొట్టారా?" అని అడిగితే, వెనకాల అదే కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు కాబట్టి "లేదు సార్" అంటారు. అందుకే నోటి మాట మీద ఆధారపడకుండా ముందే మెమో రాసుకుని వెళ్లాలి. అందులో నాలుగు కోరండి. పోలీసులను బయటికి పంపి నిందితుడి మాట నమోదు చేయాలి. చొక్కా విప్పించి గాయాలు చూసి ఆర్డర్‌షీట్‌లో రాయాలి. పోలీసులు చూపించిన డాక్టరు దగ్గరకు కాకుండా జిల్లా ఆసుపత్రికి పంపాలి. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారో లేదో చూడాలి. చివరిది తక్కువ విషయం కాదు. కారణాలు చెప్పకపోతే అరెస్టే చెల్లదని, చెప్పామని రుజువు చేయాల్సింది పోలీసులేనని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే అరెస్టు చేయకుండా హాజరు కమ్మనే బీఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షన్ నోటీసు ఎందుకు ఇవ్వలేదో కూడా అడగండి. మెమో కొట్టేసినా ఫరవాలేదు. కొట్టేసినట్టు రికార్డులో ఉంటుంది.

తమిళనాడు సాత్తాన్‌కుళంలో 2020లో తండ్రీకొడుకులు చనిపోయిన కేసు చూడండి. ఇద్దరినీ అంత దెబ్బల మీద కోర్టుకు తెస్తే రిమాండ్ పడింది. ఆ తర్వాతే ఇద్దరూ కన్నుమూశారు. నిజం బయటికి తెచ్చింది మదురై బెంచి పంపిన మరో మేజిస్ట్రేట్ విచారణ, ఆ రాత్రి స్టేషన్‌లో ఉండి ధైర్యంగా సాక్ష్యం చెప్పిన ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్. పోలీసుల్లోనూ అలాంటివాళ్లు ఉంటారు. వాళ్ల పేర్లు పిటిషన్‌లో నిందితుల జాబితాలో గంపగుత్తగా కలిపేయకండి. "పదిమంది కొట్టారు" అని రాసి, ఆ రోజు సెలవులో ఉన్న ఒకరి పేరు అందులో ఉంటే, మిగతా తొమ్మిది పేర్లూ పోతాయి. క్లయింటుకు పేర్లు తెలియకపోతే ఆకారం, మీసం, యాస, మిగతావాళ్లు అతన్ని ఏమని పిలిచారు అన్నవి రాయించండి. తర్వాత గుర్తింపు పరేడ్ అడగొచ్చు.

రిమాండ్ తర్వాత జైలు గేటు. గాయాలున్న మనిషిని జైలువాళ్లు ఊరికే తీసుకోరు, తర్వాత చచ్చిపోతే తమ మెడకు చుట్టుకుంటుందని. అందుకని లోపలికి తీసుకునేటప్పుడు జైలు డాక్టరు రాసే వివరాలు చాలాసార్లు ఆసుపత్రి సర్టిఫికెట్ కంటే నిజాయితీగా ఉంటాయి. ఆ నకలు కోసం కోర్టులో దరఖాస్తు వేయండి.

గాయాల గురించి ప్రతి లాయరూ కొంత నేర్చుకోవాలి. లాఠీ దెబ్బ చర్మం మీద ఒక గీతగా పడదు. రెండు ఎర్రటి సమాంతర గీతలు, మధ్యలో పాలిపోయిన పట్టీ, రైలు పట్టాల్లా ఉంటుంది. కింద పడితే అలాంటి గుర్తు రాదు. కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, సుమారు ఐదారు రోజులకు ఆకుపచ్చగా, వారం దాటాక పసుపుగా మారి రెండు వారాలకు పోతుంది. నల్లటి ఒంటిమీద ఈ రంగులు సరిగా తెలియవు, కాబట్టి వాపు, నొప్పి ఉన్నచోటు డాక్టరుతో వేరుగా రాయించాలి. సర్టిఫికెట్‌లో "సాధారణ గాయాలు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఒప్పుకోకండి; ఒక్కోదాని కొలత, రంగు, చోటు, ఎన్నాళ్లనాటిదో ఉండాలి. అరికాళ్ల మీద కొడితే పైన ఏమీ కనిపించకుండా వారంలో వాపు తగ్గిపోతుంది, నడిస్తే నొప్పి మాత్రం నెలల తరబడి ఉంటుంది. అప్పుడు స్కానింగ్ కోరాలి.

ఫొటోలు రెండుసార్లు తీయండి. బయటికి వచ్చిన రోజు, మళ్లీ రెండు మూడు రోజుల తర్వాత. లోతుగా తగిలిన దెబ్బ ఆలస్యంగా పైకి తేలుతుంది. ప్రతి గాయానికీ ముఖం కూడా కనిపించే ఒక ఫొటో, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి. తీసిన ఫోను అమ్మకూడదు, ఫార్మాట్ చేయకూడదు. వాట్సాప్‌లో పంపితే ఫైలు మారిపోతుంది, అసలు ఫైలు ఫోనులోనే ఉండాలి. కోర్టులో పెట్టేటప్పుడు సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు) సహా, రెండు భాగాలూ ఉండాలి. రెండో భాగం నిపుణుడు ఇవ్వాలి. దాన్ని మరిచిపోవడం వల్ల మంచి వీడియోలు మూలనపడతాయి.

మనిషి చనిపోతే. బీఎన్‌ఎస్‌ఎస్ 196 ప్రకారం కస్టడీ మరణం మీద విచారణ చేయాల్సింది జ్యుడీషియల్ మేజిస్ట్రేట్. 2006 నుంచీ చట్టం ఇదే. అయినా ఆర్డీవోతో పంచనామా చేయించి మూసేసే అలవాటు ఇంకా పోలేదు. శవం దగ్గర ఏడుస్తున్నవాళ్లకు చెప్పడం కష్టమైనా చెప్పాల్సిన మాట ఒకటుంది: దహనం చేయొద్దు. ఖననమైతే మళ్లీ తీయొచ్చు, బూడిద నుంచి ఏమీ రాదు. పోస్టుమార్టం వీడియో తీయాలని, వేరే జిల్లా ఫోరెన్సిక్ డాక్టర్లు చేయాలని అదే రోజు రాతపూర్వకంగా కోరండి. అడ్డగూడూరు కేసులో హైకోర్టు రీ-పోస్టుమార్టం చేయించింది. 2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ మృతదేహాలకు తెలంగాణ హైకోర్టు ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లతో రెండోసారి పరీక్ష చేయించగలిగిందంటే, అప్పటిదాకా వాటిని భద్రపరచమని ఆదేశాలు ఉండబట్టే. తర్వాత జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతోనే జరిగాయని తేల్చి, పదిమంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని సిఫారసు చేసింది.

ఎఫ్‌ఐఆర్ కట్టరు. కడతారని అనుకోవద్దు. స్టేషన్‌లో తిరస్కరణ, ఎస్పీకి పోస్టు, ఆ తర్వాత దర్యాప్తుకు ఆదేశించమని అఫిడవిట్‌తో బీఎన్‌ఎస్‌ఎస్ 175(3) కింద మేజిస్ట్రేట్. ఈ మెట్లలో ఒకటి దాటేసినా పిటిషన్ వెనక్కి వస్తుంది. అధికారి డ్యూటీలో చేసిన పని మీదైతే 175(4) కింద పై అధికారి నివేదిక తెప్పించుకుని, నిందిత అధికారి మాట కూడా చూడాలన్నది కొత్త మెలిక. దీనికి జవాబు పిటిషన్‌లోనే సిద్ధంగా పెట్టండి: ఒప్పుకోలు కోసం కొట్టడం డ్యూటీ కాదు, బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 120 కింద నేరం. అధికారి మీద కేసు విచారణకు తీసుకోవడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన బీఎన్‌ఎస్‌ఎస్ 218వ సెక్షన్ అనుమతి విషయంలోనూ ఇదే వాదన. అనుమతి అవసరమే అని కోర్టు అన్నా, ఇప్పుడు 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే ఇచ్చినట్టే. బాధితులు దళితులో ఆదివాసీలో అయితే అట్రాసిటీ చట్టం తప్పక చేర్చండి. డీఎస్పీ స్థాయి దర్యాప్తు, దశలవారీ పరిహారం, 15ఏ కింద బెయిలు విచారణలోనూ బాధితుల మాట వినాల్సిన హక్కు, మూడూ చాలా విలువైనవి.

మానవ హక్కుల కమిషన్‌కు కూడా వెళ్లండి, ఏడాది లోపే. దాటితే తీసుకోరు. వాళ్లు శిక్ష వేయలేరు, సిఫారసు చేస్తారు. కానీ వాళ్లు తెప్పించే పోలీసు నివేదికల నకళ్లు మీకు పనికొస్తాయి. పరిహారం కోసం హైకోర్టులో రిట్ వేయొచ్చు. 1983 రుదుల్ సా, 1993 నీలాబతి బెహెరా తీర్పుల నుంచి ఆ దారి ఉంది. నీలాబతి కేసులో కొడుకు శవం రైలు పట్టాల మీద దొరికితే, ఆ తల్లి రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు లక్షన్నర ఇప్పించింది.

ఓపిక సంగతి ఎన్‌కౌంటర్ కేసుల చరిత్రే చెప్తుంది. ఎన్‌కౌంటర్ జరిగితే ఎఫ్‌ఐఆర్ కడతారు, కానీ పోలీసుల మీద హత్యాయత్నం చేశారని చచ్చిపోయినవాళ్ల మీదే కడతారు. కాల్చిన పోలీసుల మీద ఎందుకు కట్టరన్నదే ప్రశ్న. ఎమర్జెన్సీలో జరిగిన గిరాయిపల్లి కాల్పుల మీద 1977లో వేసిన జస్టిస్ భార్గవ కమిషన్ ముందు పౌరహక్కుల లాయరు కన్నబిరాన్ పోలీసు సాక్షులను ప్రశ్నించారు. ఆ విచారణ మధ్యలోనే ఆగిపోయింది. పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబర్‌లో ఆదేశాలిచ్చింది. గణితం పాఠాలు చెప్పిన బాలగోపాల్, తర్వాత లాయరై ఇదే ప్రశ్నను హైకోర్టులో మోశారు. 2009 ఫిబ్రవరి 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం పోలీసుల మీద ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలని చెప్పింది. దాని అమలును సుప్రీంకోర్టు ఆపేసింది. 2014లో పీయూసీఎల్ (పౌరహక్కుల సంస్థ) వేసిన కేసులో అదే సుప్రీంకోర్టు పదహారు మార్గదర్శకాలిచ్చింది: సీఐడీనో వేరే స్టేషనో దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ ఉండాలి, వెంటనే పతకాలు, ప్రమోషన్లు ఇవ్వకూడదు. ఒక్క ప్రశ్న మీద ముప్పై ఏడేళ్లు. బాలగోపాల్ ఆ మార్గదర్శకాలు రాకముందే, 2009 అక్టోబర్‌లో, కన్నబిరాన్ మరుసటి ఏడాది డిసెంబర్‌లో వెళ్లిపోయారు.

ఓడిపోవడం ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. విశాఖ మన్యం వాకపల్లిలో 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ (మావోయిస్టుల మీద పనిచేసే ప్రత్యేక పోలీసు) బలగాలు తమపై అత్యాచారం చేశాయని పదకొండు మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని అదే తీర్పులో రాసి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు వాళ్లు మాట మార్చలేదు. తొలి రోజుల్లో సేకరించని సాక్ష్యాన్ని వాళ్ల ధైర్యం భర్తీ చేయలేకపోయింది. మొదటి రోజుల గురించి ఇంత పొడుగ్గా రాసింది అందుకే.

రాజీ గురించి. ఊరి పెద్ద ద్వారా డబ్బు కబురు వస్తుంది, ఇంకో కొడుకు మీద కేసు పెడతామనే కబురు దాని వెనకే వస్తుంది. కుటుంబం ఒప్పుకుంటే వాళ్లను తిట్టకండి, ఆ డబ్బులో ఫీజు తీసుకోకండి. మీరు చేయగలిగింది ముందే సాక్షులతో బీఎన్‌ఎస్‌ఎస్ 183 కింద మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించడం, 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టడం.

ఇక మీ ప్రమాదం. పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథాన్ని 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991లో అదే ఊళ్లో చంపారు. ఇప్పుడు మామూలుగా ఎదురయ్యేవి ఇంత ఘోరమైనవి కావు: మీ మీద ఎదురు కేసు, మీ క్లయింట్లకు "ఆ లాయరు దగ్గరకెళ్తే బెయిలు రాదు" అనే సలహా, బార్ రూములో కొందరు పక్కకు జరగడం. స్టేషన్‌కు ఒక్కరే వెళ్లకండి, మరో అడ్వొకేట్‌ను తీసుకెళ్లండి. ఫైలు నకలు వేరే ఊళ్లో ఒకరి దగ్గర ఉంచండి. ఎస్‌హెచ్‌వోతో (స్టేషన్ ఇన్‌చార్జి) గొంతు పెంచకండి, మాట్లాడిన ప్రతిదీ సాయంత్రం ఈమెయిల్‌గా పంపండి. బాధితుల అనుమతి లేకుండా టీవీకి చెప్పకండి. బార్ అసోసియేషన్ ఎన్నికలకు, సీనియర్ల ఇంటి పెళ్లిళ్లకు తప్పకుండా వెళ్లండి. మీకు ఇబ్బంది వచ్చిన రోజు మొదట నిలబడేది వాళ్లే.

మొదలుపెట్టడం ఎక్కడంటే, సనదు (లాయరుగా నమోదు పత్రం) రాగానే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కు దరఖాస్తు పెట్టి రిమాండ్ పని అడగండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయసాయం 1987 చట్టంలోనే ఉంది. గౌరవ వేతనం కొంచెమే. కానీ సాయంత్రం ఐదు దాటాక ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టు వరండాలో, ఆదివారాలు మేజిస్ట్రేట్ గారింటి గేటు ముందు, బేడీలతో కూర్చోబెట్టినవాళ్లతో మాట్లాడే హక్కు మీకొస్తుంది. పక్కన కూర్చుని నెమ్మదిగా నాలుగు అడగండి. ఏ రోజు తెచ్చారయ్యా? తెస్తుంటే ఎవరు చూశారు? ఎక్కడ నొప్పిగా ఉంది? ఏ కాగితాల మీద సంతకం పెట్టించారు? జవాబులు చిన్న నోటుబుక్కులో, తేదీ, గంట వేసి, అక్కడికక్కడే రాసుకోండి.